కంప్యూటర్‌లో ఫైళ్లన్నీ లాక్ అయ్యాయి, ఏం చేయాలి? రాన్సమ్‌వేర్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

ఫోటో స్టూడియోలు, డీటీపీ సెంటర్లు, ట్యాక్స్ కన్సల్టెంట్లు, ఇంట్లో ఒకే కంప్యూటర్‌ను అందరూ వాడుకునేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. పేపర్లలో పెద్ద ఆసుపత్రుల మీద, బ్యాంకుల మీద జరిగిన దాడుల గురించే వస్తుంది. మామూలు జనాన్ని ఏళ్ల తరబడి ముంచింది మాత్రం ‘స్టాప్’ అనీ, ‘డీజేవీయూ’ అనీ పిలిచే ఒక రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లకు తాళం వేసి, తీయాలంటే డబ్బు అడిగే వైరస్. అందుకే ఇక్కడ దాని ముచ్చటే ఎక్కువ ఉంటుంది.

ముందే ఒక సంగతి. వైరస్‌ను తీసేయడం ఒక పని, ఫైళ్లను వెనక్కి తెచ్చుకోవడం పూర్తిగా వేరే పని. మొదటిది ఒక పూటలో అయిపోతుంది. రెండోది కుదురుతుందా లేదా అన్నది, కంగారులో మీరు ఏమేం చెరిపేశారన్న దానిమీద కూడా ఆధారపడి ఉంటుంది.

నా ఫోటోల పేర్ల చివర ఏవో కొత్త అక్షరాలు వచ్చాయి. ఏదీ తెరుచుకోవడం లేదు. ఇది రాన్సమ్‌వేరేనా?

దాదాపు అంతే. పెళ్లి ఫోటో పేరు చివర జేపీజీ అని ఉండాల్సిన చోట, దాని తర్వాత ఇంకో చుక్క, అర్థం లేని నాలుగు అక్షరాలు తగులుకుని ఉంటాయి. ప్రతి ఫోల్డర్‌లోనూ ‘రీడ్‌మీ’ అనే చిన్న టెక్స్ట్ ఫైల్ కనిపిస్తుంది. తెరిస్తే ఇంగ్లిష్‌లో ఓ ఉత్తరం: కంగారు పడకండి, మీ ఫైళ్లన్నీ తిరిగి వస్తాయి, రేటు 980 డాలర్లు, 72 గంటల్లో సంప్రదిస్తే సగానికి సగం తగ్గింపు, అంటే 490 డాలర్లు. పండగ ఆఫర్ ఇచ్చినట్టే రాస్తారు. కింద ఒక ఈమెయిల్ చిరునామా, మీ పేరిట ఒక పొడవాటి ఐడీ ఉంటాయి. ఆ ఐడీ తర్వాత చాలా పనికొస్తుంది. ఆ ఉత్తరాన్ని కోపంతో డిలీట్ చేయకండి.

ఫైళ్ల పేర్లు మామూలుగానే ఉండి, బ్రౌజర్‌లో మాత్రం ‘మీ కంప్యూటర్ లాక్ అయింది, ఈ నంబరుకు ఫోన్ చేయండి’ అని ఎర్రగా అరుస్తుంటే అది రాన్సమ్‌వేర్ కాదు, ఉత్త బెదిరింపు పేజీ. టాస్క్ మేనేజర్‌లోకి వెళ్లి బ్రౌజర్‌ను మూసేస్తే పోతుంది. ఆ నంబరుకు మాత్రం ఫోన్ చేయకండి.

ఇప్పటికిప్పుడు ఏం చేయాలి?

ముందు నెట్ కేబుల్ పీకేయండి, వైఫై ఆపేయండి. తగిలించి ఉన్న పెన్‌డ్రైవ్‌లు, ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లు తీసేయండి. పక్క కంప్యూటర్లతో ఫోల్డర్లు షేర్ చేసుకుని ఉంటే వాటినీ నెట్‌వర్క్ నుంచి విడదీయండి.

కంప్యూటర్ ఆఫ్ చేయాలా వద్దా అన్నది అందరికీ వచ్చే అనుమానం. మీ కళ్ల ముందే ఫైళ్ల పేర్లు ఒక్కొక్కటిగా మారిపోతుంటే ఆలోచించకుండా ఆఫ్ చేసేయండి. మిగిలినవైనా దక్కుతాయి. అంతా అయిపోయాక చూశారనుకోండి, నెట్ తీసేసి దాన్ని అలాగే ఆన్‌లో ఉంచడం మేలు. దీనికో కారణం ఉంది. 2017 మేలో ‘వన్నాక్రై’ ప్రపంచాన్ని వణికించినప్పుడు, ఫైళ్లు తెరిచే తాళంచెవిని (కీని) తయారుచేయడానికి వాడిన ప్రధాన సంఖ్యలు కొన్ని కంప్యూటర్ల మెమరీలో ఇంకా మిగిలే ఉన్నాయని ఫ్రాన్స్‌కు చెందిన పరిశోధకులు కనిపెట్టారు. వాటిని పట్టుకుని ఫైళ్లు తెరిచే టూల్ కూడా రాశారు. విండోస్ ఎక్స్‌పీ, విండోస్ 7 కంప్యూటర్ల మీద అది పనిచేసింది కూడా. రీస్టార్ట్ చేసినవాళ్లకు మాత్రం పనిచేయలేదు. ఆఫ్ చేయగానే మెమరీ ఖాళీ అయిపోతుంది మరి. ప్రతి రాన్సమ్‌వేర్‌కూ ఇలాంటి అదృష్టం ఉండదు గానీ, ఆన్‌లో ఉంచితే పోయేదేమీ లేదు.

అన్నిటికంటే ముఖ్యం, ఫార్మాట్ చేయొద్దు. ‘విండోస్ కొత్తగా ఎక్కించేస్తే సరి’ అని ఎవరు చెప్పినా ఆగండి.

అసలు ఎలా వచ్చింది? మేమేమీ చెడ్డ సైట్లు చూడలేదే!

చూడనక్కర్లేదు. డీజేవీయూ వచ్చే ప్రధానమైన దారి క్రాక్ సాఫ్ట్‌వేర్, అంటే డబ్బు కట్టకుండా వాడుకునేలా దొంగచాటుగా మార్చిన సాఫ్ట్‌వేర్. ఫోటోషాప్ క్రాక్, వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ క్రాక్, విండోస్‌నూ ఆఫీస్‌నూ ఉచితంగా యాక్టివేట్ చేసే చిన్న టూల్స్, గేములకు దొంగ కోడ్‌లు తయారుచేసే కీజెన్‌లు.

అది జరిగే తీరు దగ్గర నుంచి చూస్తే ఇలా ఉంటుంది. గూగుల్‌లో వెతికితే ఒక పేజీ వస్తుంది, నాలుగైదు డౌన్‌లోడ్ బటన్లు, మధ్యలో ప్రకటనలు. చివరికి ఒక జిప్ ఫైల్ దిగుతుంది. దానికి పాస్‌వర్డ్ ఉంటుంది, 1234 లాంటిది, పేజీలోనే రాసి పెడతారు. ఉచితంగా ఇచ్చేదానికి మళ్లీ పాస్‌వర్డ్ ఎందుకు? లోపల ఏముందో యాంటీవైరస్ చూడకుండా ఉండటానికి. పక్కనే ఇంకో సూచన: ‘ఇన్‌స్టాల్ చేసే ముందు యాంటీవైరస్ ఆఫ్ చేయండి, అది పొరపాటున వైరస్ అని చూపిస్తుంది.’ మనమే కాపలావాణ్ణి ఇంటికి పంపించి, తలుపు తీసి నిలబడతాం. రన్ చేయగానే విండోస్ అప్‌డేట్ అవుతున్నట్టు ఒక కిటికీ తెరుచుకుంటుంది. అది దొంగ కిటికీ. హార్డ్‌డిస్క్ ఎందుకు అంత గరగరలాడుతోందని మీకు అనుమానం రాకుండా దాన్ని చూపిస్తారు. మీరు టీ తాగి వచ్చేసరికి పని పూర్తవుతుంది.

‘ఆ రోజు నెట్ కూడా లేదండీ’ అంటారు కొందరు. నెట్ లేకపోయినా ఆగదు. ఆ సంగతి కింద వస్తుంది.

ఈమెయిల్ ద్వారా రాదా?

వస్తుంది. ఆఫీసులకు ఎక్కువగా అలాగే వస్తుంది. ఇన్‌వాయిస్ అనీ, కొరియర్ రసీదు అనీ, పన్ను నోటీసు అనీ ఒక అటాచ్‌మెంట్. 2016లో ‘లాకీ’ అనే రాన్సమ్‌వేర్ వర్డ్ ఫైల్‌లోని మ్యాక్రో (ఫైల్ లోపలే ఉండే చిన్న ప్రోగ్రాం) ద్వారా పాకింది. నెట్ నుంచి వచ్చిన ఫైళ్లలో మ్యాక్రోలను ముందే అడ్డుకునేలా 2022లో మైక్రోసాఫ్ట్ మార్పు చేశాక ఆ దారి ఇరుకైంది.

ఇంకో పాత ఎత్తు: ఫైల్ పేరు ‘బిల్ డాట్ పీడీఎఫ్ డాట్ ఈఎక్స్ఈ’ అని ఉంటుంది. విండోస్ చివరి ముక్కను దాచేస్తుంది కాబట్టి మీకు పీడీఎఫ్‌లాగే కనిపిస్తుంది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ మెనూలోకి వెళ్లి ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్లు కనిపించేలా పెట్టుకోండి. రెండు క్లిక్కుల పని.

ఏమీ క్లిక్ చేయకపోయినా వస్తుందా?

వస్తుంది, రెండు రకాలుగా.

ఒకటి, విండోస్‌లోని లోపాల ద్వారా. వన్నాక్రై అలాంటిదే. ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ 2017 మార్చిలోనే ఇచ్చింది. మే 12న దాడి మొదలైంది. మధ్యలో రెండు నెలలు ఉన్నా అప్‌డేట్ చేయనివాళ్లు దొరికిపోయారు. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు విభాగాల కంప్యూటర్లూ ఆ జాబితాలో చేరాయి. ఒక కంప్యూటర్‌కు అంటితే, అదే నెట్‌వర్క్‌లో అప్‌డేట్ లేని మిగతావాటికి దానంతటదే పాకింది.

రెండోది రిమోట్ డెస్క్‌టాప్. ఇంటి నుంచి ఆఫీసు కంప్యూటర్‌లో ట్యాలీ చూసుకోవాలని రౌటర్‌లో 3389 పోర్ట్ (నెట్ నుంచి కంప్యూటర్‌లోకి వచ్చే తలుపు లాంటిది) తెరిచి పెడతారు. ఇలా తెరిచి ఉన్న కంప్యూటర్ల కోసం నెట్ మొత్తాన్ని రాత్రింబవళ్లు గాలించే ప్రోగ్రాములున్నాయి. పాస్‌వర్డ్ షాపు పేరూ, పక్కన 123 అయితే ఎంతోసేపు పట్టదు. లోపలికి దూరాక వాళ్లే తీరిగ్గా యాంటీవైరస్‌ను ఆపేసి, బ్యాకప్ ఎక్కడుందో వెతికి చెరిపేసి, అప్పుడు లాక్ చేస్తారు. ‘ఫోబోస్’, ‘ధర్మా’ అనేవి ఎక్కువగా ఈ దారిలోనే వచ్చాయి. అకౌంటెంట్లకు దీన్ని గట్టిగా చెప్పాలి: ఆ పోర్ట్‌ను ఈ రోజే మూసేయించండి, బయటి నుంచి పని చేయాలంటే వీపీఎన్ (మీకు మాత్రమే తెరుచుకునే ప్రైవేటు దారి) పెట్టించుకోండి.

యాంటీవైరస్ ఉన్నా ఎందుకు ఆపలేదు?

చాలాసార్లు మనమే ఆపేసి ఉంటాం. లేదా అది గడువు తీరిన ట్రయల్ అయి ఉంటుంది. కొన్నిసార్లు నిజంగానే కొత్త రకాన్ని గుర్తుపట్టదు.

సరే, వైరస్‌ను ఎలా తీసేయాలి?

భద్రమైన పద్ధతి ఇది. ఆ హార్డ్‌డిస్క్‌ను బయటికి తీసి, అలాగే దాచిపెట్టి, కొత్త ఎస్‌ఎస్‌డీ వేసి దాని మీద విండోస్ ఎక్కించుకోండి. చిన్న ఎస్‌ఎస్‌డీకి పెద్దగా ఖర్చవదు. పాత డిస్క్‌లోని లాక్ అయిన ఫైళ్లు, ఆ రీడ్‌మీ ఉత్తరం చెక్కుచెదరకుండా ఉంటాయి.

అంత వీలు లేకపోతే, ముందు లాక్ అయిన ఫైళ్లన్నిటినీ ఉత్తరంతో సహా వేరే డిస్క్‌కు కాపీ చేసుకోండి. సీ డ్రైవ్‌లో సిస్టమ్‌ఐడీ అనే ఫోల్డర్ కనిపిస్తే దాన్ని కూడా. ఆ డిస్క్‌ను పక్కన పెట్టేసి, మైక్రోసాఫ్ట్ డిఫెండర్‌లో ఆఫ్‌లైన్ స్కాన్ నడపండి. ఇది విండోస్ పూర్తిగా లేవకముందే నడుస్తుంది కాబట్టి, దాక్కున్నవి కూడా దొరుకుతాయి.

తర్వాత చేత్తో చూడాల్సినవి రెండున్నాయి. టాస్క్ షెడ్యూలర్ తెరిచి ‘టైమ్ ట్రిగ్గర్ టాస్క్’ అనే పేరుందేమో చూడండి. డీజేవీయూ పెట్టుకునే అలారం అది, ఐదు నిమిషాలకోసారి మళ్లీ నిద్ర లేస్తుంది. ఇది ఉండగా కొత్త ఫోటోలు కాపీ చేస్తే అవీ లాక్ అయిపోతాయి. ‘తీసేశాను గానీ మళ్లీ వచ్చింది’ అనేవాళ్లు చాలాసార్లు దీన్ని వదిలేసినవాళ్లే. రెండోది హోస్ట్స్ ఫైల్, అంటే ఏ సైట్ ఎక్కడుందో కంప్యూటర్ ముందుగా చూసుకునే చిన్న టెక్స్ట్ ఫైల్. యాంటీవైరస్ కంపెనీల సైట్లు, సహాయం దొరికే సైట్లు తెరుచుకోకుండా డీజేవీయూ వాటి పేర్లను అందులో రాసిపెడుతుంది. ఆ సైట్లు ఫోన్‌లో వచ్చి కంప్యూటర్‌లో మాత్రం రాకపోతే అనుమానించాల్సింది ఇదే. ఆ వరుసలు చెరిపేస్తే చాలు.

ఇన్ని చేశాక కూడా ఆ విండోస్‌ను నమ్మమని నేను చెప్పను. ఫైళ్లు దాచుకున్నాక కొత్తగా ఎక్కించుకోవడమే నయం, ఈసారి క్రాక్ లేకుండా.

వైరస్ పోయింది. ఫైళ్లు మాత్రం ఇంకా తెరుచుకోవడం లేదేం?

వైరస్ ఫైళ్లలో దాక్కుని లేదు. అది ఫైళ్ల లోపలి సమాచారాన్ని లెక్క ప్రకారం మార్చేసి, ఆ లెక్కను వెనక్కి తిప్పే కీని తన దగ్గర పెట్టుకుంది. దొంగ వెళ్లిపోయినంత మాత్రాన కీ మన చేతికి రాదు కదా. పేరు చివరి అక్షరాలు తీసేసినా లాభం లేదు. ‘ఫలానా అక్షరాల వైరస్ రిమూవల్ టూల్, ఫైళ్లు గ్యారంటీగా వెనక్కి’ అంటూ నెట్‌లో వచ్చే పేజీలు ఈ రెండు పనులనూ కావాలనే కలిపేసి చెప్తాయి. మీరు డబ్బు కట్టి కొనే టూల్ మొదటి పని మాత్రమే చేస్తుంది. అది డిఫెండర్ ఉచితంగానే చేస్తుంది.

ఫైళ్ల లాక్‌ను ఉచితంగా తీసే (డిక్రిప్ట్ చేసే) టూల్స్ నిజంగా ఉన్నాయా?

ఉన్నాయి, కొన్ని రకాలకు. ముందు మీకు వచ్చింది ఏ రకమో తెలియాలి. ‘ఐడీ రాన్సమ్‌వేర్’ అనే సైట్‌లో ఆ ఉత్తరాన్నీ, లాక్ అయిన ఒక ఫైల్‌నూ అప్‌లోడ్ చేస్తే పేరు చెప్తుంది. ‘నో మోర్ రాన్సమ్’ అనే సైట్‌ను 2016లో నెదర్లాండ్స్ పోలీసులు, యూరోపోల్, రెండు భద్రతా కంపెనీలు కలిసి పెట్టాయి. డిక్రిప్టర్లు దించుకోవాలంటే అక్కడి నుంచే దించుకోండి. యూట్యూబ్ వీడియో కింద ఉన్న లింక్ నుంచి వద్దు. డిక్రిప్టర్ అని చెప్పి ఇంకో రాన్సమ్‌వేర్‌ను అంటగట్టిన సందర్భాలూ ఉన్నాయి.

డీజేవీయూ విషయానికొస్తే, 2019 అక్టోబరులో ఎమ్సీసాఫ్ట్ కంపెనీ 148 రకాలకు ఉచిత డిక్రిప్టర్ ఇచ్చింది. దానితో ఎవరికి పని జరుగుతుంది, ఎవరికి జరగదు అన్నది తెలుసుకోవాలి. ఈ వైరస్ మొదలవగానే తన సర్వర్‌ను అడిగి మీ ఒక్కరి కోసం ఒక కీ తెచ్చుకుంటుంది. ఇది ఆన్‌లైన్ కీ. సర్వర్ పలకకపోతేనో, మీకు నెట్ లేకపోతేనో, తన లోపలే ఉన్న ఒక కీని వాడేస్తుంది. ఇది ఆఫ్‌లైన్ కీ, ఆ రకం బారిన పడి ఆఫ్‌లైన్‌లో ఉన్నవాళ్లందరికీ ఒకటే. వాళ్లలో ఒక్కరి ద్వారా ఆ కీ బయటపడినా మిగతా అందరి ఫైళ్లూ తెరుచుకుంటాయి. మీది ఏదో తెలుసుకోవడానికి ఉత్తరంలోని ఐడీ చివర చూడండి. ‘టీ1’ అని ఉంటే ఆఫ్‌లైన్ కీ, ఆశ ఉంది. లేకపోతే ఆన్‌లైన్ కీ, కొత్త రకాల్లో దానికి ఇప్పటికి టూల్ లేదు.

లేకపోయినా ఫైళ్లు పారేయకండి. ఏళ్ల తర్వాత దారి దొరికిన ఉదాహరణలున్నాయి. పైన చెప్పిన ఫోబోస్‌కు జపాన్ పోలీసులు 2025 జులైలో ఉచిత డిక్రిప్టర్ విడుదల చేశారు. ఆలోపు విసుగొచ్చి డిస్క్ ఫార్మాట్ చేసుకున్నవాళ్లకు దానివల్ల ఒరిగిందేమీ లేదు.

కీ లేకుండా ఏమైనా దక్కించుకోవచ్చా?

కొన్ని దక్కుతాయి. ఫోటో, వీడియో పని చేసేవాళ్లు ఈ జవాబును జాగ్రత్తగా చదవండి.

డీజేవీయూ తొందర మనిషి లాంటిది. తక్కువ సమయంలో ఎక్కువ ఫైళ్లు పాడుచేయాలని, ప్రతి ఫైల్‌లోనూ మొదటి 150 కేబీ దాకా మాత్రమే లాక్ చేస్తుంది. వర్డ్, ఎక్సెల్ ఫైళ్లు చాలావరకు అంతకంటే చిన్నవే, అవి మొత్తం పోతాయి. రెండు జీబీల పెళ్లి వీడియోలో 150 కేబీ ఎంత? వీడియో దాదాపు మొత్తం అలాగే ఉంటుంది, ముందు భాగం చెడిపోయింది కాబట్టి ప్లేయర్‌కు అర్థం కాదంతే. ‘మీడియా రిపేర్’ అనే ఉచిత టూల్‌కు అదే కెమెరాతో, అదే సెట్టింగ్‌తో తీసిన ఒక మంచి వీడియోను నమూనాగా ఇస్తే, పాడైనదాన్ని చాలాసార్లు బాగుచేస్తుంది. మొదట్లో కొన్ని సెకన్లు పోవచ్చు. ఎంపీ3, వేవ్ ఆడియో ఫైళ్లకూ ఇది పనికొస్తుంది. పెద్ద జిప్ ఫైళ్లయితే పేరు చివరి అక్షరాలు తీసేసి 7-జిప్‌తో తెరిచి చూడండి, మొదటి ఒకటి రెండు ఫైళ్లు పోయినా మిగతావి బయటికొస్తాయి. ఏది చేసినా కాపీ మీదే చేయండి, అసలుదాన్ని ముట్టుకోకండి.

ఇక మామూలు దారులు. విండోస్ దాచిపెట్టే ఫైళ్ల పాత కాపీలను ఈ వైరస్‌లు ముందే చెరిపేస్తాయి, అయినా ఒకసారి ప్రీవియస్ వెర్షన్స్ చూడండి. కెమెరా కార్డును మళ్లీ ఫార్మాట్ చేసినా, దానిమీద కొత్తగా షూట్ చేయకపోతే ఫోటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఫోటోలు చాలావరకు తిరిగొస్తాయి. కస్టమర్‌కు వాట్సాప్‌లో పంపిన ఫోటోలు, ఆల్బమ్ ప్రింటింగ్ ల్యాబ్‌కు పంపిన ఫైళ్లు, ఆడిటర్‌కు ఈమెయిల్ చేసిన ట్యాలీ బ్యాకప్ – మన దగ్గర పోయినవి చాలా సందర్భాల్లో ఎదుటివాళ్ల దగ్గర ఉంటాయి.

అడిగిన డబ్బు కట్టేస్తే పీడ పోతుందా?

కొందరికి కీ వచ్చింది, కొందరికి రాలేదు. కట్టొద్దనే నా సలహా. 2017 జూన్‌లో వచ్చిన ‘నాట్‌పెట్యా’ డబ్బు అడిగింది గానీ, అది ఫైళ్లు వెనక్కి ఇచ్చేలా రాసినదే కాదు, కట్టినవాళ్లది బూడిదలో పోసిన పన్నీరే. 2021 మేలో అమెరికాలో కలోనియల్ పైప్‌లైన్ కంపెనీ 75 బిట్‌కాయిన్లు, అప్పటి లెక్కన 44 లక్షల డాలర్లు కట్టింది. చేతికొచ్చిన టూల్ ఎంత నెమ్మదిగా నడిచిందంటే, వాళ్లు సొంత బ్యాకప్‌ల మీద ఆధారపడాల్సి వచ్చింది. 2024 ఫిబ్రవరిలో ‘లాక్‌బిట్’ ముఠా సర్వర్లను పోలీసులు పట్టుకున్నప్పుడు, డబ్బు కట్టినవాళ్ల నుంచి దొంగిలించిన డేటా కూడా చెరిపేయకుండా అందులోనే ఉంది.

మా ఊళ్లో ఒకాయన కొంత డబ్బు తీసుకుని ఫైళ్లు తెచ్చిస్తానంటున్నారు. నమ్మొచ్చా?

మీది ఆన్‌లైన్ కీ అయితే ఆయన దగ్గరా మంత్రమేమీ ఉండదు. ఇలాంటివాళ్లలో కొందరు చాటుగా ఆ దొంగలకే డబ్బు కట్టి, దానిమీద తమ లాభం వేసుకుంటారు. ఒక ఫైల్ తెరిచి చూపించారని మురిసిపోకండి. నమూనాకు ఒక ఫైల్‌ను ఉచితంగా తెరిచిస్తామని ఆ ఉత్తరంలో దొంగలే రాస్తారు. అడగాల్సింది ఒక్కటే: ఏ పద్ధతిలో చేస్తారు? 150 కేబీ సంగతో, ఆఫ్‌లైన్ కీ సంగతో చెప్తే మాట్లాడండి. ‘అది మా సీక్రెట్ అండీ’ అంటే దండం పెట్టి వచ్చేయండి.

ఫైళ్లు పోయాయి సరే, ఇంకేమైనా పోతాయా?

పాస్‌వర్డ్‌లు. దీన్ని చాలామంది పట్టించుకోరు. డీజేవీయూ తనతోపాటు పాస్‌వర్డ్‌లు దొంగిలించే ప్రోగ్రాములను కూడా తెచ్చేది. బ్రౌజర్‌లో సేవ్ చేసిన జీమెయిల్, నెట్ బ్యాంకింగ్, జీఎస్టీ పోర్టల్ పాస్‌వర్డ్‌లన్నీ వాళ్ల చేతిలో ఉన్నాయనే అనుకుని, అదే రోజు వేరే కంప్యూటర్ నుంచో ఫోన్ నుంచో మార్చేయండి. జీమెయిల్‌లో అన్ని డివైస్‌ల నుంచీ సైన్ అవుట్ కూడా చేయండి.

ఫిర్యాదు ఎక్కడ చేయాలి?

1930కి ఫోన్ చేయొచ్చు, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో రాయొచ్చు. ఫైళ్లు వెంటనే వస్తాయని కాదు. కస్టమర్ల డేటా పోయినప్పుడు, రిటర్నులు ఆలస్యమైనప్పుడు చూపించడానికి ఆ ఫిర్యాదు నంబరు అక్కరకొస్తుంది. కంపెనీలయితే ఇలాంటి దాడి తెలిసిన ఆరు గంటల్లో సెర్ట్-ఇన్‌కు (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థకు) తెలియజేయాలని 2022 ఏప్రిల్‌లో వచ్చిన ఆదేశాలు చెప్తున్నాయి. పరువు పోతుందని దాచుకోవాల్సిన పనేం లేదు. 2019లో ఉభయ తెలుగు రాష్ట్రాల డిస్కంలనే రాన్సమ్‌వేర్ దెబ్బతీసి, ఆన్‌లైన్‌లో కరెంటు బిల్లులు కట్టడం ఆగిపోయింది.

మళ్లీ రాకుండా ఏం చేయాలి?

బ్యాకప్. అది కూడా కంప్యూటర్ నుంచి పీకి బీరువాలో పెట్టే బ్యాకప్. ఎప్పుడూ తగిలించి ఉండే ఎక్స్‌టర్నల్ డిస్క్‌ను వైరస్ ఇంకో డ్రైవ్‌గానే చూస్తుంది. రెండు డిస్క్‌లు పెట్టుకుని వారం మార్చి వారం వాడితే, ఒకటి తగిలించి ఉన్నప్పుడు దాడి జరిగినా రెండోది మిగులుతుంది. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు లాక్ అయి, ఓపీ చీటీలు చేత్తో రాయాల్సి వచ్చినప్పుడు కూడా, ఆ ఆసుపత్రి డేటా తిరిగొచ్చింది దాడి తగలని బ్యాకప్ సర్వర్ నుంచే.

దాని తర్వాత క్రాక్‌లు మానేయడం. డబ్బు పెట్టలేకపోతే ఫోటోషాప్ బదులు జింప్, ఆఫీస్ బదులు లిబ్రేఆఫీస్, వీడియోకు డావించీ రిసాల్వ్ ఉచిత వెర్షన్ ఉన్నాయి. విండోస్ సెక్యూరిటీలో ‘కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్’ అనే స్విచ్ ఉంది, ఆన్ చేస్తే మీరు ఒప్పుకోని ప్రోగ్రాములు డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లను మార్చలేవు. మొదట్లో మంచి ప్రోగ్రాములను కూడా ఆపి చికాకు పెడుతుంది, ఓపిక పట్టండి. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. ఇంకా దానిమీదే నడుస్తుంటే, పొడిగింపు అప్‌డేట్లకు నమోదు చేసుకోవడమో, 11కి మారడమో చేయండి.

గూగుల్ డ్రైవ్‌లో ఉన్నాయి కదా, ఇంకా భయమెందుకు?

కంప్యూటర్‌లో సింక్ పెట్టుకుని ఉంటే, లాక్ అయిన ఫైళ్లే పైకి ఎక్కి మంచివాటి స్థానంలో కూర్చుంటాయి. అయితే గూగుల్ డ్రైవ్ మామూలుగా పాత వెర్షన్లను 30 రోజులు ఉంచుతుంది. వన్‌డ్రైవ్‌లో మైక్రోసాఫ్ట్ 365 చందా ఉన్నవాళ్లు గత 30 రోజుల్లో ఏ రోజుకైనా డ్రైవ్ మొత్తాన్ని ఒకేసారి వెనక్కి తిప్పొచ్చు. ముందు ఆ కంప్యూటర్‌లో సింక్ ఆపి, వేరే కంప్యూటర్ నుంచి లాగిన్ అయి, దాడికి ముందు రోజు తేదీ ఎంచుకోండి. నెల దాటనివ్వకండి.